అత్త సీటు కింద ఎర్తు

ఆ రోజుల్ల కార్ల కూసొని పాట వినాలంటే తపస్సే చెయ్యాలె. ఇప్పుడంటే కారు తలుపు తియ్యంగనే మన జేబుల ఫోను, కారు టేపు వాటంతట అవే చుట్టరికం కలుపుకొని, మనం అడగకముందే పాట మొదలుపెడుతున్నయి. నేను చెప్పేది మెమొరీ కార్డు ఫోన్లు మా ఖమ్మం జిల్లాకు కొత్తగ వచ్చినప్పటి సంగతి. అప్పుడే నేను ఐటిఐల ఎలక్ట్రీషియన్ కోర్సు పాసై, ఏన్కూర్ల మా ఇంటి అరుగు మీద ఖాళీగ కూసున్న. (పాసైన అని నేనంటున్న గని, మా సారు మాత్రం "గట్టెక్కినవు పో" అన్నడు.) రెండేండ్ల చదువుల నాకు నోటికి వచ్చిన పాఠం ఒక్కటే, ఎర్తింగు. భూమిల గుంత తవ్వాలె, రాగిరేకు పెట్టాలె, ఉప్పు ఒక పొర, బొగ్గు ఒక పొర పోసుకుంట రావాలె, ఎండకాలం నీళ్లు పోస్తుండాలె. పరీక్షల నా అదృష్టం కొద్ది అదే అడిగిన్రు, గడగడ అప్పజెప్పిన. మిగిలిన చదువంతా ఏమైందని మాత్రం నన్ను అడగొద్దు.

మా అక్కను టేకులపల్లి దిక్కు ఇచ్చినం. బావ బడిపంతులు, నెమ్మదైన మనిషి. ఇంట్ల పెత్తనమంతా ఆయన తల్లిది, అంటే మా అక్క అత్తది. నేను గూడ ఆమెను అత్తా అనే పిలుస్త. పెండ్లై రెండేండ్లయినా ఆ ఇంట్ల మా అక్క మాటకు ఇంకా విలువ పుట్టలే. కూరల ఉప్పెక్కువైతే "మీ ఏన్కూర్ల గిట్లనే తింటరా?" అని ఊరందరినీ కలిపి అనేది అత్త. ఆ ఎండకాలం బావ ఒక పాత కారు కొన్నడు. దాంట్ల టేపు పాట పాడుడు తక్కువ, క్యాసెట్లు నములుడు ఎక్కువ. అత్తకు భద్రాచలం మొక్కు ఉండె. తొవ్వ పొడుగున రాముని భజనలు వినుకుంట పోవాలని ఆమె కోరిక. ఆమె భజన క్యాసెట్టునే టేపు నమిలేసరికి ఇంట్ల పెద్ద రభస అయింది. అప్పుడు మా అక్క, ఎన్నడు నోరు తెరవనిది, అందరి ముందట "మా తమ్ముడు ఐటిఐ చేసిండు అత్తమ్మా, ఒక్క పూటల పాట పెట్టిస్తడు" అన్నదట. అనేసి నాకు ఫోన్ చేసింది. "తమ్మీ, నా మాట నిలబెట్టాలెరా. మొదటిసారి అన్న." పని చెడితే నా పరువేం పోదు, లేనిది ఎట్ల పోతది? పొయ్యేది అక్క మాట.

పొయ్యేటప్పుడు జూలూరుపాడుల దిగి టేపు మెకానిక్కును కలిసిన. ఆయనను అందరు తగరం మామ అంటరు, ఎప్పుడు చూసినా చేతిల కాలే తగరమే. ఆయన బీడీ తీసి, "ఫోను హెడ్‌సెట్టు కొయ్యి. పిన్ను ఉన్న వైరు ఉంచుకో. దాంట్ల మూడు సన్న తీగెలుంటయి. రెండింటిని టేపు విప్పి వాల్యూం కాడ తగరంతోని అంటియ్యి, ఇగ ఫోన్ల పాట కారు స్పీకర్లకు వస్తది" అని బొమ్మ గీసి ఇచ్చిండు. ఎంత సులువుగ చెప్పిండో! నేను నా హెడ్‌సెట్టే కోసిన. ఆ తీగెలు వెంట్రుక కంటె సన్నం, వాటి మీద రంగు పూత. పూత పోతెనే కరెంటు పారుతదని తెల్వక ఒక పూటంత అంటించుకుంట కూసున్న, పాట రాదు. ఆఖరికి అగ్గిపుల్లతోని పూత కాల్చిన. (మొదటి సారి తీగె గూడ కాలింది, ఆ సంగతి అక్కకు ఇప్పటికి చెప్పలే.) మూడో దినం పాట వచ్చింది గని, దాని వెనక తేనెతుట్టె కదిలినట్టు గుయ్ అని ఒకటే మోత.

తగరం మామకు ఫోన్ చేసిన. "మూడో తీగెకు ఎర్తు ఇచ్చినవా?" అన్నడు. లేదన్న. "ఎర్తు ఇయ్యక గుయ్ అనకుంటె ఏమంటదిరా? ఐటిఐ చదివినోనివి, ఎర్తంటె ఏందో నీకు నేను చెప్పాల్నా?" అన్నడు. చెప్పాల్నా అంటె ఏమంటం? "వద్దు మామా, నాకెర్కే" అని పెట్టేసిన. కారు చుట్టు రెండుసార్లు తిరిగిన. బోరు మోటరంటె భూమి మీద ఉంటది, పక్కనే గుంత తవ్వొచ్చు. కారు నాలుగు రబ్బరు టైర్ల మీద నిలబడ్డది. రబ్బరుల నుంచి కరెంటు పోదని నాకు తెలుసు. మరి భూమి కాడికి కారు పోలేనప్పుడు, భూమినే కారు లోపలికి తేవాలె! ఈ ఆలోచన తట్టంగనే నా తెలివికి నాకే ఒళ్లు పులకరించింది. ఒక పాలపొడి రేకుడబ్బా సంపాయించి మట్టి, ఉప్పు, బొగ్గు పొరలు పొరలుగ నింపిన. రాగిరేకు లేదు గనుక ఒక పాత రాగి చిల్లికానీకి ఆ మూడో తీగె కొస చుట్టి నడుమ పాతిన. నీళ్లు పోసిన. మట్టి చిమ్మకుండ మూతికి కట్టనీకి అక్కను గుడ్డ అడిగితె, ఎందుకని గూడ అడగకుండ ఎర్ర జాకెట్టు ముక్క ఇచ్చింది. డబ్బాను ముందటి సీటు కింద ఇనుప పట్టీల నడుమ ఇరికించిన. గుయ్‌మనుడు ఆగిపోయింది! పాట తేటగ వచ్చింది. వాకిట్ల అత్త విని "ఫర్వాలేదే" అన్నది. ఆ ఒక్క మాటకు అక్క మొకం ఎంత వెలిగిందో!

తెల్లారి బయలెల్లినం. బావ నడుపుతుండు, వాంతులైతయని అత్త ముందట కూసున్నది, వెనక నేను, అక్క. కొత్తగూడెం దాక భజనలు బంగారం లెక్క సాగినయి. పాల్వంచ దాటినంక ఎండకు డబ్బల మట్టి ఎండినట్టుంది, గుయ్ మళ్ల మొదలైంది. నేను చప్పుడు చెయ్యకుండ నీళ్ల సీసా పట్టుకొని, ముందుకు వంగి, అత్త సీటు కింద పోసిన. గురి తప్పింది. చల్లటి నీళ్లు అత్త పాదం మీద పడ్డయి. ఆమె ఉలిక్కిపడి వంగి చూసింది, చెయ్యి పెట్టి డబ్బా గుంజింది, ఎర్రగుడ్డ విప్పింది. మట్టి, ఉప్పు, బొగ్గు, నడుమ తీగె చుట్టిన చిల్లికానీ.

"ఓరి దేవుడో! బండి ఆపురా కొడుకా! నాకు చేతబడి చేసిన్రురో!"

బావ అడివి నడుమ బండి ఆపిండు. అత్త దిగి డబ్బాను రోడ్డు పక్కన పెట్టి, ఎర్రగుడ్డ పట్టుకొని అక్క దిక్కు తిరిగింది. "గీ గుడ్డ నీ జాకెట్టు ముక్కనే గదనే?" నేను నీళ్ల సీసా వీపు వెనక దాచిన. అక్క ఒక్కసారి నా మొకం చూసింది.

"అవ్ అత్తమ్మా. నేనే పెట్టిన."

"ఎందుకు పెట్టినవే?"

అక్కకు ఏం తెలుసు పాపం. "ఊకెనే" అన్నది.

ఊకెనే! అత్త సీటు కింద ఉప్పు, బొగ్గు ఊకెనే పెట్టిందట! అప్పుడు నాకు సిగ్గు తన్నుకొచ్చి నోరు పెగిలింది. "అక్క కాదత్తా, నేను పెట్టిన. అది ఎర్తు. పాట గుయ్ అనకుండ" అని ఐటిఐ పాఠమంత మళ్ల అప్పజెప్పిన. అత్త నమ్మలే. "మట్టికి, పాటకు ఏం సంబంధంరా? అక్కను కాయాలంటే అబద్ధమన్నా సక్కగ చెప్పు" అన్నది. బావ ఇద్దరి నడుమ నిలబడి తల గోక్కుంటుండు. అక్క కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయి.

అంతల అడివిలకెల్లి ఒక ముసలాయన తునికాకు మూట నెత్తిన పెట్టుకొని వచ్చిండు. అత్త ఆయనను ఆపింది. "పెద్దాయనా, అడివిల ఉండేటోనివి, గిసువంటి విద్యలు నీకెర్కుంటయి. జర చూసి చెప్పు, ఇదేంది?"

ఆయన మూట దించి, డబ్బా ముందట గొంతుక్కూసొని, వేలుతోని మట్టి కదిపి చూసిండు. "ఎందుకెర్కుండదమ్మా. ఇది ఎర్తు. మా ఊరి ట్రాన్స్‌ఫారం కాడ కరెంటోళ్లు గిట్లనే ఉప్పు, బొగ్గు పోసి పాతిన్రు. ఎండకాలం దానికి నేనే బిందెడు నీళ్లు పోస్త." ఇంకోసారి డబ్బా దిక్కు, కారు దిక్కు చూసిండు. "గని భూమిల ఉండేది బండెక్కి ఎటు పోతుంది?"

బావకు నవ్వాగలే. నవ్వి నవ్వి కారు మీద ఒరిగిండు. అత్త మాత్రం నవ్వలే, "అయితె నీళ్లు పోసి చూపెట్టు" అన్నది. డబ్బాను మళ్ల సీటు కింద ఇరికించి, తెగిన తీగె కలిపి నీళ్లు పోసిన. పాట తేటగ వచ్చింది. అత్త రోడ్డు మీదనే నిలబడి పాట మొత్తం విన్నది. ఎక్కినంక కాళ్లు పైకి ముడుచుకొని కూసున్నది గని, సారపాక వచ్చేసరికి తనే వెనక్కి తిరిగి, "పిలగా, పాట గొంతు బొంగురైతుంది, జర నీళ్లు పొయ్యి" అన్నది. కొద్దిసేపటికి అక్క దిక్కు చూడకుండనే, "నీ తమ్మునికి తిక్క ఉన్నా పనితనం ఉన్నదే" అని గూడ అన్నది.

దర్శనమైనంక గోదావరి మెట్ల మీద నేను, అక్క కూసున్నం. "డబ్బల ఏముందో తెల్వకుండ నేనే పెట్టిన అని ఎట్లన్నవే?" అని అడిగిన. అక్క నీళ్లల్ల కాళ్లాడించుకుంట, "నీ మొకం చూస్తెనే తెల్సింది, నీ పనే అని. నన్ను తిడితె రెండు దినాలకు మర్చిపోతరు, నేను ఆ ఇంటి మనిషిని. నిన్ను అంటె నువ్వు మళ్ల మా గడప తొక్కవు. నన్ను చూడనీకి వచ్చేటోనివి నువ్వొక్కనివే గదరా" అన్నది.

తర్వాత తెల్సింది, డబ్బా సీటు పట్టీల ఇనుముకు తాకుడు వల్లనే అది పనిచేసిందని. కారుకు దాని ఇనుప బాడీనే ఎర్తు, తీగెను ఒక్క స్క్రూ కింద బిగిస్తె అయిపోయేది. ఇప్పుడు నాకు సొంత షాపుంది, గిసువంటి స్క్రూలు రోజుకు పది బిగిస్త. అప్పుడప్పుడు అనుకుంట, ఆనాటి ఆ పిలగాడు పాలపొడి డబ్బా పట్టుకొని నా షాపుకొచ్చి "అన్నా, కారుకు ఎర్తు ఎట్లియ్యాలె?" అని అడిగితె ఏం చెప్పాలె అని. స్క్రూ సంగతి మాత్రం చెప్పను. ఉప్పు ఇంకో పిడికెడు ఎక్కువ పొయ్యిరా, గుడ్డ మాత్రం మీ అక్కనే అడుగు అని పంపుత.