ఉభయ కుశలో పూరి

మా సీమలో కొందరు పాత నాణేలు దాచుకుంటారు, కొందరు పాత పగలు దాచుకుంటారు. ప్రొద్దుటూరు వీరభద్రయ్య గారు మాత్రం గోడల మీద రాసే పెయింటర్లు తనకు చేత్తో రాసిన ఉత్తరాలు దాచుకుంటారు. ఆయన రిటైరైన తెలుగు పండితుడు. గోడ మీద అందమైన అక్షరం కనబడితే చాలు, మూలనున్న ఆర్టిస్టు పేరు పట్టుకుని, "నాకొక జాబు రాయండి, కుశల ప్రశ్నలతో సహా" అని కార్డు పడేస్తారు.

భార్య సరస్వతి లెక్కలో ఇదొక జబ్బు.

"సినిమావాళ్ల ఉత్తరాలంటే ఒక అర్థముంది. రంగు డబ్బాల వాళ్లవి ఏందండీ?"

"వాళ్ల రాత మూడూళ్లు చదువుతాయి సరస్వతీ. నా పాఠం ముందు బెంచీవాడు కూడా చదవలేదు."

చిక్కేమిటంటే, మూరెడు అక్షరాలు రాసే చేతులకు కార్డు ఏ మూలకు? పులివెందుల ఇస్మాయిల్ 'క్షేమం' అన్న ఒక్క మాట రాసి, పసుపు నీడ కొట్టేసరికి కార్డు నిండిపోయింది. క్ష తోక అడ్రసు మీదికి పాకింది. అయినా పోస్ట్‌మ్యాన్ తెచ్చిచ్చాడు. "ఇట్లాంటివి మీకు గాక ఇంకెవరికొస్తాయి సార్!" సింహాద్రిపురం పెయింటర్ ఒకాయన ఇంటి సంగతులన్నీ చక్కగా రాసి, చివర అలవాటు కొద్దీ 'ఇచ్చట నోటీసులు అంటించరాదు' అని ముగించాడు.

రానిదల్లా జమ్మలమడుగు దస్తగిరి ఉత్తరమే. పెళ్లింటి గోడలు రాయడంలో అతన్ని మించినవాడు లేడు. ఎన్ని కార్డులు వేసినా ఉలుకూ పలుకూ లేదు. చివరికి ఒకరోజు మనిషే వచ్చాడు.

"కార్డులు పంపొద్దండి సార్. ఫ్లెక్సీలొచ్చినాక నన్ను పిలిచేవాళ్లే లేరు. కువైట్‌కు పోతాండా, ఆడ కార్లు కడిగే పనికి. కుంచెలు గూడా ఎవరికన్నా ఇచ్చేస్తా."

"పో, ఎవరొద్దన్నారు? నా ఉత్తరం రాసిచ్చి పో."

"కాగితమంటే నాకు చెయ్యాడదు సార్. బతుకంతా నిలబడి రాసినోణ్ణి."

"అయితే నిలబడే రాయప్పా!" అంటూ వీరభద్రయ్య గారు జమ్మలమడుగు రోడ్డు వైపున్న ప్రహరీ గోడ చూపించారు. సరస్వతి మొన్ననే దానికి లేత ఆకుపచ్చ రంగు వేయించింది.

దస్తగిరి ముగ్గుపిండి పట్టించిన దారంతో గీతలు కొట్టి, సాయంత్రానికల్లా ఉత్తరం పూర్తి చేశాడు.

'వీరభద్రయ్య సార్‌కు జమ్మలమడుగు దస్తగిరి నమస్కరించి రాయునది. ఉభయ కుశలో పూరి. మీ కార్డులన్నీ అందినవి. బదులు రాయనందుకు ఏమీ అనుకోవద్దు.' కింద ఎర్రరంగులో ఫోన్ నంబరు.

ఉభయకుశలోపరికి పట్టిన గతి చూసి సరస్వతి నోరు నొక్కుకుంది. పెళ్లి శుభలేఖలో తప్పు కనబడితే ఎర్రసిరాతో దిద్ది తిరిగిచ్చే మనిషి ఆయన. అలాంటి మనిషి గుటకేసి, "బ్రహ్మాండం!" అన్నారు.

తెల్లారేసరికి గేటు ముందు జనం.

"అమ్మా, పూరి ప్లేటెంత?"

"ఉభయ అంటే రెండు ప్లేట్లా?"

జమ్మలమడుగు బస్సు కూడా ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "చట్నీనా, కుర్మానా?" అన్నాడు. సరస్వతికి తల కొట్టేసినట్టయింది.

సంగతి తెలిసి దస్తగిరి డబ్బా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "తప్పు రాసినానంట సార్! ఇప్పుడే దిద్దుతా."

"ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతా!" అని కసిరి, వీరభద్రయ్య గారు గొంతు తగ్గించారు. "ఒప్పు రాస్తే ఎవడన్నా ఆగుతాడా దస్తగిరీ? పూరి కోసం ఆగినోడు కడదాకా చదువుతాడు. చదివితే నీ రాత ఎంత బాగుండాదో చూస్తాడు. కింద నీ నంబరుండాది గదప్పా."

తలుపు చాటు నుంచి సరస్వతి అంతా విన్నది. దీర్ఘం పొల్లుపోయినా అన్నం సహించని మనిషి, ఒకడి కుంచె నిలబడాలని రోజూ గేటు తీయగానే కనబడేలా ఇంత తప్పు పెట్టుకున్నాడు. ఆమెకు మొగుడు ముద్దొచ్చాడు, వెంటనే నవ్వూ వచ్చింది.

నాలుగు రోజుల్లో దస్తగిరికి పులివెందుల నుంచి ఒక పెళ్లిగోడ వచ్చింది. దాన్ని చూసి మరొకరు పిలిచారు. కువైట్ మాట వెనక్కి పోయింది.

ఒక మధ్యాహ్నం కమలాపురం పెద్దమనిషి ఒకాయన జీపు ఆపి, ఆకలి మీద గేటు తట్టాడు. "పూరి ఉందామ్మా?"

సరస్వతి కొంగు బిగించి బయటికొచ్చింది.

"పూరి లేదప్పా. మీ ఇంట్లో పెండ్లీడు పిల్లలెవరన్నా ఉండారా?"