గురునాథరావు తొట్టెలో నలకలు

గురునాథరావు చేతులు ఊరుకోవు. స్టీల్ ప్లాంటులో ఉద్యోగమంతా క్రేన్ మీదే గడిచింది. కింద కరిగిన ఉక్కు నిండిన లాడిల్ బాన కొక్కేనికి వేలాడుతుంటే, పైన ఇరుకు క్యాబిన్‌లో కూర్చుని రెండు చేతులా లివర్లు పట్టుకుని చూపు తిప్పకుండా చూసిన మనిషి. రిటైరై దువ్వాడలో కట్టుకున్న ఇంట్లోకి వచ్చాక ఆ చేతులకు పని లేకుండా పోయింది. బాగానే తిరుగుతున్న మిక్సీని విప్పి బాగుచేశాడు. తర్వాత ఫ్యాన్లు విప్పాడు. ఒకరోజు భార్య ఆదిలక్ష్మమ్మ కుట్టుమిషను ముందు స్క్రూడ్రైవరుతో కూర్చున్నాడు. ఆ వీధిలో జాకెట్లు, దిండ్లు కుట్టేది ఆవిడే.

"నా మిషను జోలికి రాకండి. ఏటైనా పెంచుకోండి. కోడో, కుక్కో," అంది ఆవిడ.

ఆయన సముద్రపు చేపల తొట్టె తెచ్చుకున్నాడు. రెండడుగుల గాజు తొట్టె. అందులో కొన్ని రాళ్లు, రాళ్ల మీద గుండీల్లా విచ్చుకునే మెత్తని పగడపు పువ్వులు, తెల్ల చారల నారింజ చేపలు రెండు. వెనక నల్ల పలక చాటున మూడు ఇరుకు గదులు. ముందున్న నీళ్లు మొదటి గదిలోకి జారి, అక్కడి స్పాంజిలో వడకట్టుకుని, చివరి గదికి చేరతాయి. అక్కడి మోటారు వాటిని మళ్లీ ముందుకు తోస్తుంది.

కొన్నాళ్లు బాగానే ఉంది. ఒక మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ పడినప్పుడు నీళ్లలో నలకలు కనిపించాయి. చేపలు తినగా మిగిలిన మేత, వాటి మలం, రాతి మీది మడ్డి. అవి ఒకసారి కంటపడ్డాక ఆయనకు చేపలు కనిపించడం మానేశాయి. భోజనం మధ్యలో లేచి చూసేవాడు. స్నానానికి వెళుతూ చూసేవాడు.

తొట్టె అమ్మిన మణికంఠకు ఫోన్ చేస్తే నవ్వాడు. "నలకలుండవేటి బాబాయ్? సముద్రంలో లేవేటి?"

ఆ మాట ఆయన చెవికెక్కలేదు. ఇంకా సన్నటి స్పాంజి తెచ్చి పొద్దునా సాయంత్రం కడిగాడు. నలకలు పోలేదు. తొట్టె అంచుకు తగిలించే ఫిల్టర్ తెచ్చాడు. దాని హోరుకు టీవీ వినబడక ఆదిలక్ష్మమ్మ స్విచ్చి ఆపేసింది. చివరికి పెద్ద తొట్టెల్లో వాడే దళసరి గుడ్డ వడపోత సంచి కొనుక్కొచ్చి, ముక్కలు కోసి, మొదటి గదిలో గోనెలో పత్తి కుక్కినట్టు కుక్కాడు. మర్నాటికి నీళ్లు అద్దంలా తేరుకున్నాయి. అయినా లేచి లేచి చూడటం మాత్రం మానలేదు.

ఆ వారంలోనే, తనతో పనిచేసిన తిరుమలరావు కూతురి పెళ్లికి శ్రీకాకుళం వెళ్లవలసి వచ్చింది. ఇంకా తలంబ్రాలు కాకముందే ఫోన్ మోగింది.

"మోటారు గుర్రుగుర్రుమంటంది," అంది ఆదిలక్ష్మమ్మ. "ముందేపు నీళ్లు అంచు దాటి కారిపోతన్నాయి. ఎనకాల గదిలో సుక్క లేదు. నానేటి సెయ్యాల?"

ఆయనకు వెంటనే అర్థమైంది. గుడ్డ పూడుకుపోయింది. "ముందు స్విచ్చి ఆపీ. మొదటి గదిలో నాను కుక్కిన గుడ్డంతా లాగీ."

"రావట్లేదు."

"రెండు సేతులా పట్టి లాగు."

అవతల ఫోన్ కింద పెట్టిన చప్పుడు, తర్వాత నీళ్ల చప్పుడు. ఆ పైన ఏమీ వినబడలేదు. తిరుమలరావు భోజనాల బంతి దగ్గరికి రమ్మని చెయ్యి పట్టుకున్నాడు. "తప్పదు, ఎల్లాలి బావా," అని విడిపించుకుని స్టేషనుకు వెళ్లాడు. రైల్లో సీటు దొరికినా తలుపు దగ్గరే నిలబడ్డాడు. కొత్తవలస దగ్గర సిగ్నల్ లేక బండి ఆగితే దిగి పట్టాల పక్కన అటూ ఇటూ తిరిగాడు. ఎవరో కేకేస్తే మళ్లీ ఎక్కాడు.

ఇంటికొచ్చేసరికి గచ్చు తడిగా ఉంది. పగడపు పువ్వులు గుండుసూది తలలంతగా ముడుచుకున్నాయి. చేప ఒక్కటే కనిపించింది.

"రెండోది అంచు దాటి గచ్చు మీద పడిపోయింది. నాను సూసేసరికే పోయింది," అంది ఆదిలక్ష్మమ్మ. "మల్లెమొక్క కింద పెట్టాను."

ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. కొంతసేపటికి లేచి మూత ఎత్తి చూశాడు. మోటారు మామూలుగానే తిరుగుతోంది. మొదటి గదిలో తెల్లటి దూది ముక్క వదులుగా పరిచి ఉంది.

"దిండుల్లో పెట్టే పాలిస్టర్ దూదే. రంగూ, మందూ లేందైతే పెట్టొచ్చని మణికంఠ సెప్పాడు."

మర్నాడు పొద్దున్నే మణికంఠ కొట్టు తెరవకముందే వెళ్లి మెట్ల మీద నిలబడ్డాడు. గుడ్డ దానంతటదే చుట్టుకుపోయే రోలర్ ఫిల్టర్ కావాలన్నాడు.

"రెండడుగుల తొట్టెకి అదెక్కడ పడతాది బాబాయ్?" అన్నాడు మణికంఠ షట్టరు ఎత్తుతూ. "స్పాంజైనా, సంచైనా మురికిని ఆపుతాది గానీ మాయం సెయ్యదు. తీసి బయట పారెయ్యకపోతే అక్కడే కుళ్లతాది. సన్నటిదైతే బేగి పూడుకుపోతాది."

"నాను రోజూ కడగతాను."

"ఊరెళ్లినప్పుడు?"

గురునాథరావు మెట్టు మీది ఇసుకను చెప్పుతో పక్కకు నెట్టాడు.

"పిన్ని పెట్టిన దూదే ఉంచీ. గట్టిగా కుక్కెయ్యకు, వదులుగా పరిచీ. రెండు మూడు రోజులకోసారి తీసి పారేసి కొత్తది ఎయ్యి. మధ్యలో ముట్టుకోకు."

"మరి నలకలు?"

"కొన్ని ఉంటాయి. ఆ పువ్వులకి తిండి అవే."

ఏమీ కొనకుండానే తిరిగొచ్చాడు. దూది మూట ఆదిలక్ష్మమ్మ తన మిషను సొరుగులో పెట్టుకుని, మార్చవలసిన రోజున అరచేతంత చింపి ఇస్తోంది. పువ్వులు మెల్లగా విచ్చుకున్నాయి. ఒంటరి చేప కొన్నాళ్లు రాళ్ల సందులోంచి రాలేదు. తర్వాత మేత వేళకు పైకి రావడం మొదలుపెట్టింది. ఇంకో చేపను తెస్తానని ఆయన రోజూ అంటాడు. ఇంకా తేలేదు.

నిన్న మార్చే రోజు కాదు. మధ్యాహ్నం ఎండ పడి నలకలు మెరిశాయి. ఆయన చెయ్యి మూత మీదికి వెళ్లింది.

"ఏటది?" అంది ఆవిడ కుట్టు మీంచి తలెత్తకుండానే.

"ఏటీ లేదు."

చెయ్యి వెనక్కి తీసుకుని తొట్టె ముందు కూర్చున్నాడు. నలక ఒకటి తేలుతూ వచ్చి ఒక పువ్వు మీద వాలింది. పువ్వు నెమ్మదిగా దాని మీదికి ముడుచుకుంది. ఆయన అది చూశాడు. పక్కనే ఇంకో నలక వస్తుంటే దాన్నీ చూశాడు. ఆ చూసినంతసేపూ కుర్చీ కింద ఆయన కాలు ఆడుతూనే ఉంది.