అద్దె పెరిగిన ఏడాది, చెప్పని మనవి

శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక ఉంటుంది. ఇప్పటికీ ఉంది. కానీ కూడిక అనగానే నాకు గుర్తొచ్చేది ఆ తొలి ఏళ్ళదే.

ఆస్ట్రేలియాలోని టూవూంబా కొండ అంచు మీది ఊరు. చలికాలంలో పొద్దు వాలకముందే లోయలోంచి పొగమంచు పాక్కుంటూ వచ్చి వీధి దీపాలను కప్పేసేది. మా గుమ్మం దగ్గర బూట్లు గుట్టగా పడేవి. హాల్లోకి అడుగుపెడితే తడి కోట్ల వాసన, అల్లం టీ వాసన కలిసి ముక్కుకు తగిలేవి. పెద్దవాళ్ళకు సోఫా, మిగతావాళ్ళకు రగ్గు. పాట మొదలయ్యే ముందు అంకుల్ తన కంజీరను హీటర్ ముందు పట్టుకుని కూర్చునేవారు. చలికి దాని తోలు వదులై సరిగా మోగేది కాదు.

“జర ఆగుండ్రి. దీనికి సలి దిగాలె. కరీంనగర్ల మంచిగనే మోగేది, ఈడికొచ్చి సోమరిదైంది” అనేవారు.

“అది కాదు సోమరిది, వాయించెటోడు” అనేది ఆంటీ పక్కనుంచి.

ఆ అంకుల్, ఆంటీ మా వరసలోనే పక్క గుమ్మంలో ఉండేవారు. కూతురి దగ్గరికి వచ్చి ఈ దేశంలో స్థిరపడ్డారు. కూతురికి పెర్త్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతే, వీళ్ళు ఊరు మారలేక ఇక్కడే చిన్న యూనిట్‌లోకి మారారు. నేను మావారు పోయాక అదే వరసలోకి వచ్చాను. ఆ ఇళ్ళు మావి కావు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళ కోసం ఒక గృహ సంస్థ నడిపే ఇటుక ఇళ్ళు. బయటి ఇళ్ళలాగా ఇంత అని అద్దె ఉండదు. మనకొచ్చే ఆదాయంలో ఒక వంతు తీసుకుంటారు. ఏటా ఒకసారి జీతం చీటీలు, పెన్షన్ కాగితాలు పంపమంటారు. వాటిని చూసి అద్దె మళ్ళీ లెక్కగడతారు.

ఇల్లు నాది కాకపోయినా పెరటి మట్టి మాత్రం నాదే అన్నట్టుండేది. ఆ ఊరి నేల ఎర్రన. మొదటిసారి తవ్వినప్పుడు చేతికంటిన రంగు చూసి దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. ఆ మట్టిలో గోంగూర వేసవిలో నడుమెత్తు లేచేది. కూడికకు వచ్చిన ప్రతివాళ్ళూ వెళ్ళేటప్పుడు ఒక కట్ట పట్టుకెళ్ళేవారు.

నేను చెప్పబోయే ఏడాదికి ముందటి ఏడు నేను పనిచేసే వృద్ధుల ఆశ్రమంలో మనుషులు చాలక, అడిగినప్పుడల్లా అదనపు షిఫ్టులు చేశాను. తరువాత ఒక పెద్దావిడను మంచం మీదికి ఎత్తబోతే నా మణికట్టు పట్టేసింది. పని గంటలు తగ్గించారు. సరిగ్గా అప్పుడే అద్దె ఉత్తరం వచ్చింది. నేను అంతకుముందు పంపిన జీతం చీటీలన్నీ బాగా సంపాదించిన రోజులవి కదా, అద్దె వాటి ప్రకారం పెరిగింది. జీతం దిగింది, అద్దె ఎక్కింది. బల్ల దగ్గర కూర్చుని ఎన్ని విధాలుగా సర్దినా కుదరలేదు. బ్రిస్బేన్‌లో తెలిసిన కుటుంబం ఒకటి ఉంది. వాళ్ళ ఇంటి వెనక గది ఇస్తామని, బదులుగా పసిబిడ్డను చూసుకోమని అన్నారు. ఇల్లు వదిలి అక్కడికి వెళ్ళిపోవాలని మనసులో నిశ్చయించుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన చోట కూడా చెప్పలేదు; గంటలు తగ్గాయని ఆ గృహ సంస్థ ఆఫీసుకు ఫోన్ చేయాలన్న ఆలోచనే రాలేదు. ఉత్తరం వచ్చిందంటే తీర్పు వచ్చినట్టే అనుకున్నాను.

మా కూడికల్లో మనవుల సమయం అని ఒకటి ఉంటుంది. ఒక్కొక్కరూ తమ అవసరం చెబుతారు. ఇంటర్వ్యూ, వీసా, బిడ్డకు జ్వరం, ఏదైనా. పైకి చెప్పలేనివాళ్ళు “నాకొక చెప్పలేని మనవి ఉంది” అంటారు. అంతే. ఎవరూ అదేమిటని అడగరు. అడగకపోవడమే మర్యాద. పల్లె సంఘంలో వాక్యం చెప్పే ఉపదేశిగా పనిచేసిన మా నాన్న మాకు చిన్నప్పుడే నేర్పారు: దేవుడు విన్న మాటను మనుషులు తవ్వకూడదని. అందుకే ఆ శుక్రవారం నేను, “ఒక చెప్పలేని మనవి ఉంది, జ్ఞాపకం చేసుకోండి” అని కళ్ళు మూసుకున్నాను. కాసేపటికి అంకుల్ గొంతు వినపడింది.

“నాకు సుత ఒకటున్నది. చెప్పేటిది గాదు.”

అందరం భారంతో ప్రార్థించాం. నేను అంకుల్ కోసం కన్నీళ్ళతో ప్రార్థించాను. పెర్త్‌లో కూతురి కాపురం సరిగా లేదేమో అనుకున్నాను.

అడగరు కానీ ఊహించుకోవడం మానరు కదా. నాకు ఒంట్లో బాగాలేదని ఆంటీకి అనుమానం. రోజూ మిరియాల చారు స్టీలు డబ్బాలో పోసి కంచె మీదుగా అందించేది. “మంచిగ దాగు, మాట్లాడకు” అనేది. మా సంఘంలో ఆస్పత్రిలో పనిచేసే డాక్టరమ్మాయి ఒకామె ఉంది. ఒకరోజు నన్ను వంటింట్లోకి లాగి తలుపు దగ్గరికి వేసింది.

“ఆంటీ, ప్లీజ్ డోంట్ హైడ్. ఎనీ లంప్? స్కాన్ ఏమైనా చేయించారా?”

“లంపూ లేదు, ఏమీ లేదమ్మా.”

“అందరూ ఇలాగే అంటారు. మండే నా దగ్గరికి రండి, బుక్ చేస్తాను.”

ఇంకో వారం ఆంటీకి కొత్త ఆలోచన వచ్చినట్టుంది. చారు డబ్బా ఇస్తూ కళ్ళలోకి చూసింది. “నిజం జెప్పు. ఏదన్న సంబంధమొచ్చిందా? నీ వయసేం మించిపోలే, నాకేం తప్పనిపియ్యది.” నేను ఎంతగా నవ్వానంటే చారు గౌను మీద ఒలికింది. ఆ నవ్వు తరువాత మళ్ళీ ఇల్లు వదలాలన్న సంగతి గుర్తొచ్చి వంటింట్లో ఒక్కదాన్నే నిలబడిపోయాను.

బయలుదేరే రోజు దగ్గరపడుతోంది. సామాను కొంచెం కొంచెం పంచడం మొదలుపెట్టాను. శుక్రవారం అందరికీ టీ కాచే పెద్ద గిన్నె ఒకటి ఉంది. మా అమ్మది. విమానంలో బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్నది. బ్రిస్బేన్‌లో ఒక్క గదికి అంత గిన్నె ఎందుకని తోమి కంచె దగ్గరికి పట్టుకెళ్ళాను.

“ఆంటీ, ఇది మీ దగ్గర ఉంచండి.”

ఆంటీ తీసుకోలేదు. గిన్నె వంక, నా వంక చూసింది. “గీ గంజు నాకిస్తే శుక్రారం చాయ దేంట్ల కాస్తవ్?”

నేను గిన్నెను ఇంకాస్త ముందుకు చాపాను.

“నువ్వేడికి పోతున్నవ్?” అంది.

ఇక దాచలేకపోయాను. “ఇల్లు వదిలేస్తున్నానాంటీ. అద్దె పెరిగింది. నా వల్ల కావడం లేదు.”

అంకుల్ అక్కడే నేల మీద కూర్చుని మొక్కలకు కర్రలు పాతుతున్నారు. చెయ్యి ఆగిపోయింది. తరువాత నెమ్మదిగా లేచి, మోకాళ్ళ మట్టి దులుపుకుని, నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వులో సంతోషం లేదు.

“నాది గదేనమ్మా” అన్నారు.

“ఏది అంకుల్?”

“నా మనవి. చెప్పరానిది. అద్దె బెరిగింది. మేం సుత ఇల్లిడిసి పెర్త్‌కు పోదామనుకుంటున్నం. పోయి బిడ్డ మీద బడుడు నాకిష్టం లేదు.”

“మీకు పెన్షన్ వస్తుంది కదా, మీకేం ఇబ్బంది అనుకున్నాను.”

“నీకు జీతమొస్తది గద, నీకేం తక్లీఫని నేననుకున్న.”

ఆంటీ గిన్నెను నా చేతిలోంచి లాక్కుని కంచె దిమ్మె మీద ఠక్కున పెట్టింది. “మంచిగున్నది! ఈ పక్క నువ్వు, ఆ పక్క ఈయన. ఒకలి కోసం ఒకలు కండ్లు మూసుకుని ప్రార్థన. కండ్లు దెరిస్తే కనవడకపోవునా? నేనేమో దీనికి రోగమని రోజు చారు కాయబడితి!”

దేవుడు మా మనవి వినలేదని నేను ఏనాడూ అనుకోలేదు. ఆయన విని, జవాబును కంచె అవతల నిలబెట్టాడు. అటు చూడడానికే మాకు అన్ని వారాలు పట్టింది.

సంగతి తెలిసి డాక్టరమ్మాయి ఆ సాయంత్రమే వచ్చింది. “సంస్థ ఆఫీసుకు వెళ్ళి మాట్లాడండి ఆంటీ, సపోర్ట్ ఉంటుంది. నేను డ్రైవ్ చేస్తాను” అంది. నేను సరేనన్నాను. అంకుల్ ఒప్పుకోలేదు.

“సర్కారు ముంగట చెయ్యి జాపుడా? గిన్నేండ్లు దేవుడు పోషించిండు. గిప్పుడు బిచ్చమడుగాల్నా?”

అప్పుడు నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. గుంటూరు జిల్లాలో మందిరం పక్కనే ఉపదేశి ఇల్లు. మేము పెరిగింది అక్కడ. సంఘంలో ఆడవాళ్ళు ప్రతి పూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. ఆదివారం ఆ బియ్యం తెచ్చి మందిరంలో పోసేవారు. మా ఇంటి పొయ్యి మీద ఉడికేది ఆ బియ్యమే. ఒక ఇంటివి సన్నవి, ఒక ఇంటివి దొడ్డువి, ఒక ఇంటివి నూకలు. అన్నీ కలిసిపోవడం వల్ల ఆ అన్నం ఎప్పుడూ ఒకేలా ఉడికేది కాదు. కొన్ని మెతుకులు మెత్తగా ముద్దయితే కొన్ని పలుకుగా పంటికి తగిలేవి. మా అమ్మ దాన్ని ఒక్కనాడూ బిచ్చం అనలేదు. వడ్డించేటప్పుడు “ఇది సంఘం అన్నం, మెతుకు పారేయకండి” అనేది. తను కూడా ఆ బియ్యంలోంచే మళ్ళీ ఒక పిడికెడు తీసి, మాకన్నా లేనివాళ్ళ కోసం పక్కన పెట్టేది. దాన్ని పుచ్చుకునే చేయి, పెట్టే చేయి ఒకటే కావడం నేను కళ్ళారా చూశాను.

అదే అంకుల్‌కు చెప్పాను. “మీ అమ్మాయి ఇన్నేళ్ళు ఇక్కడ టాక్సు కట్టింది. నేనూ కట్టాను. అది మన పిడికెడే కదా అంకుల్? ఎసట్లో పోసే ముందే తీసింది.”

ఆయన చాలాసేపు కంజీర అంచు వేలితో రాస్తూ కూర్చున్నారు. ఆయన ఇంట్లో కూడా ఆ అలవాటు ఉండేదట. “మా అవ్వ సుత దీసేది” అన్నారు చివరికి. తరువాత ఆంటీని కేకేసి, “నా తెల్లంగి ఏడున్నదే?” అని అడిగారు. ఆదివారం వేసుకునే చొక్కా అది.

ఆఫీసులో మాతో మాట్లాడిన ఆమె నా వయసుదే. కుక్కపిల్ల బొమ్మ ఉన్న మగ్గులో కాఫీ తాగుతూ అంతా విని, నా తగ్గిన గంటల చీటీలు చూసింది. “యూ జస్ట్ హ్యాడ్ టు రింగ్ అస్, లవ్” అంది. ఆదాయం పడిపోతే ఏడాది ఆగనక్కరలేదట. చెబితే మధ్యలోనే అద్దె మళ్ళీ లెక్కగడతారట. అద్దె బాకీ పడితే కొంచెం కొంచెంగా కట్టే ఏర్పాటూ ఉందట. ఇంటి ఖర్చులు సర్దుకోవడానికి ఉచితంగా సలహా చెప్పేవాళ్ళు కూడా ఉన్నారట. నేను రాత్రులు పొర్లిన బాధకు జవాబు ఒక్క ఫోన్ కాల్.

అంకుల్ సంగతి వేరు. అద్దె ఇళ్ళలో ఉండే పెన్షన్‌దారులకు పెన్షన్‌తో పాటు అద్దె కోసం విడిగా కొంత సాయం వస్తుంది. అంకుల్‌కు అది అందుతుందనే లెక్కతో సంస్థ ఆ ఏడాది ఆయన అద్దె పెంచింది. ఆయన మాత్రం దాన్ని ఎప్పుడూ అడగలేదు. కూతురి ఇంటినుంచి మారినప్పుడు పెన్షన్ ఆఫీసుకు కొత్త చిరునామా చెప్పారు కానీ, అక్కడ అద్దె కడుతున్నానని చెప్పలేదు. వాళ్ళు అడగలేదు, ఈయన చెప్పలేదు. అచ్చం మా మనవుల సమయంలాగే.

ఆమె ఇచ్చిన అద్దె పత్రం పట్టుకుని అదే రోజు ఆ రెండో ఆఫీసుకూ వెళ్ళాం. వరసలో కూర్చున్నంతసేపూ అంకుల్ పెదాలు కదులుతూనే ఉన్నాయి. పని అయ్యాక డాక్టరమ్మాయి మాకు వేడి చిప్స్ కొనిపెట్టింది. కారులో పొట్లం విప్పుకుని, అంకుల్ వాటి మీద కూడా ప్రార్థన చేశారు. అంత పెద్ద ప్రార్థన అయ్యేసరికి చిప్స్ చల్లారిపోయాయి.

నా అద్దె దిగింది. వాళ్ళకు సాయం రావడం మొదలైంది. నా గంటలు మళ్ళీ పెరిగాక అద్దె కూడా పెరిగింది. ఏటా ఎంతో కొంత పెరుగుతూనే ఉంది. పెరగదని నాకు ఎవరూ మాట ఇవ్వలేదు. ఎడారిలో దేవుడు కురిపించిన మన్నాను ఏ పూటకాపూట ఏరుకున్నవాళ్ళ సంగతి చిన్నప్పుడు మందిరంలో అప్పజెప్పినదాన్ని, నాకు నిల్వల మీద అంత ఆశ లేదు. గిన్నె మాత్రం ఆ శుక్రవారం మా పొయ్యి మీదికే తిరిగి వచ్చింది.

తరువాత చాలా ఏళ్ళు వాళ్ళు ఆ గుమ్మంలోనే ఉన్నారు. మనవలు పుట్టాక తమ ఇష్టంతో పెర్త్ వెళ్ళారు. వెళ్ళక తప్పక కాదు. కంజీర నాకు వదిలేశారు. నాకు వాయించడం రాదు. చలికాలంలో పాటకు ముందు దాన్ని హీటర్ ముందు పట్టుకుని కూర్చుంటాను, అంతే. తోలు బిగుసుకునేటప్పుడు వచ్చే చిన్న వాసన కోసం.

మొన్న శుక్రవారం, కొత్తగా వచ్చిన నర్సు అమ్మాయి తల వంచుకుని, “నాకొక చెప్పలేని మనవి ఉంది” అంది. అందరం ప్రార్థించాం. మా నాన్న మర్యాద నేను వదిలిపెట్టలేదు, అందరిముందూ ఏమీ అడగలేదు. అందరూ వెళ్ళేటప్పుడు మాత్రం, “అమ్మా, ఈ గిన్నె బరువు, కాస్త పట్టు” అని వంటింట్లోకి పిలిచాను.

“చెప్పమని కాదు. అద్దె సంగతైతే మాత్రం నాకు కొంచెం తెలుసు” అన్నాను.

“రెంట్ కాదాంటీ” అంది. గిన్నెను సింకులో దించి, “మా అమ్మకి బాగోలేదు” అంది.

కడిగిన గిన్నెను మళ్ళీ పొయ్యి మీద పెట్టాను. ఇద్దరికి అది చాలా పెద్దది. అయినా అందులోనే నీళ్ళు పోసి, అల్లం దంచడం మొదలుపెట్టాను.