పుస్తకానికో చిలక

హాలియా గ్రంథాలయానికి వచ్చిన ఒకే ఒక్క కంప్యూటర్‌ను ఆ ఊరు దాటించిన ఘనత నాది. ఆ ఘోరం ఎట్లా జరిగిందో చెప్తాను, నవ్వుకోండి. నేనైతే అప్పుడు నవ్వలేదు.

తొంభైల నడుమ నల్లగొండలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి. మహబూబ్‌నగర్ జంగయ్యన్న గ్రంథాలయాల కోసం ఒక ప్రోగ్రాం రాశాడు. పేరు కొడితే పుస్తకం ఏ బీరువాలో ఉందో చెప్తుంది. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, విప్పి బాగుచేయవచ్చు. అందరి మార్పులూ కలిపి పంచే అసలు ఫ్లాపీ నా దగ్గర ఉండేది. అంత పెద్ద బాధ్యత నాకెందుకిచ్చారో ఇప్పటికీ అర్థం కాదు.

"తమ్మీ, ఎతికేది ఒక ఫ్లాపీల ఉండాలె, తెర మీది సింగారం ఇంకో ఫ్లాపీల. రెండూ కలుపకు. ఎవలకు నచ్చిన తెర వాళ్లు పెట్టుకుంటరు" అన్నాడు జంగయ్యన్న.

"గంత తెల్వదా అన్నా!" అన్నాను.

తెలుసు. కానీ అప్పటికే నేనొక చిలకను గీశాను. తల వంచి, 'స్వాగతం' అని ఒక్కో అక్షరమే చూపించే చిలక. వేరే ఫ్లాపీలో పెడితే ఎవరైనా దాన్ని పక్కన పడేస్తారని నా భయం. అందుకే అసలు ప్రోగ్రాం కడుపులో కుట్టేశాను. ఇంట్లో ఒక్క పుస్తకం పేరు ఎక్కించి పరీక్షించాను. బ్రహ్మాండంగా పనిచేసింది.

ఆ ప్రోగ్రాం ఎక్కించిన హాలియా గ్రంథాలయంలో తనిఖీ రోజు వచ్చింది. గ్రంథపాలకుడు రహీం సాబ్ పొద్దున్నే నా చెయ్యి పట్టుకున్నాడు. "ఈ కంప్యూటర్ పనికొస్తదని తనిఖీ సార్ రాయకుంటే ఇంకో ఊరికి ఎత్కపోతరట. జర ఇజ్జత్ నిలబెట్టు తమ్మీ."

అధికారి మామిడి తోటల పుస్తకం పేరు కొట్టాడు. చిలక తల వంచింది. ఆయన మురిసిపోయాడు. చిలక మళ్లీ తల వంచింది.

"మళ్లీ స్వాగతమా?"

"మర్యాద సార్" అన్నాను.

మూడోసారీ వంచింది. "ఎన్నిసార్లయ్యా గీ చిలక?"

అప్పుడు వెలిగింది నాకు. ప్రోగ్రాం ఒక్కో పుస్తకాన్నీ చూసుకుంటూ పోయేచోట చిలకను కుట్టాను. అక్కడేమో నాలుగు బీరువాల నిండా పుస్తకాలు!

"పుస్తకానికొకసారి సార్" అన్నాను, నా గొంతు నాకే వినపడకుండా.

"చిలక ఫ్లాపీ గుంజెయ్ తమ్మీ!" అన్నాడు రహీం సాబ్.

"గుంజరాదు సాబ్. రెండూ కలిపేసిన."

ఆయన ఒక నిట్టూర్పు విడిచి లేచాడు. నేరుగా మూడో బీరువా దగ్గరికి పోయి మామిడి తోటల పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. అధికారి దాన్నీ, రహీం సాబ్‌నూ మార్చి మార్చి చూశాడు.

"మీరుండంగ మీకు కంప్యూటర్ ఎందుకండీ?"

వారంలో అది యాదగిరిగుట్టకు తరలిపోయింది. రహీం సాబ్ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. చాయ్ తాగించి బస్సెక్కించాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

నెల తర్వాత గుట్ట గ్రంథాలయం నుంచి ఉత్తరం వచ్చింది: "దర్శనం కాంగనే జనం మీ చిలకను చూడటానికి వస్తున్నారు. నడుమ పుస్తకాలు వెతికే భాగం అడ్డమొస్తున్నది. దయచేసి అది తీసేసి ఒట్టి చిలకను పంపగలరు."

ఇక ఈ జన్మలో అసలు పనిలో సింగారం కలపనని ఆ ఉత్తరం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. ఆ తర్వాత, వేరే ఫ్లాపీలో, చిలకను పంపించాను.