ఏడో స్టడ్

షెడ్డులో అందరూ ఆయన్ని చేతికొలతాయన అంటారు. ముప్పై ఏళ్లుగా ఇంజన్లు విప్పి బిగిస్తున్నా బిగింపు కొలిచే టార్క్ రెంచి ముట్టుకోని మనిషి. నట్టు ఎంత బిగియాలో మణికట్టే చెబుతుందనేవాడు. చాలాసార్లు అది నిజమే చెప్పింది కూడా, కాదనలేం. కాకపోతే ఆ పేరు వినీ వినీ ఆయనకి కాస్త తలకెక్కింది.

కూతురు ఆయన దగ్గరే పని నేర్చుకుంది. నేర్చుకుని ఊరుకుందా? పాత కారొకటి కొని, దానికి ఇంజన్ బలం పెంచే టర్బో తగిలించి, కొండదారి పోటీల్లో దిగింది. పోయిన నెల పోటీలో మూడో మలుపు దగ్గర ఇంజన్‌కి పైమూతలాంటి హెడ్ లేచి, దాని కింద సందు మూసే గాస్కెట్ పోయింది. కారు తెల్లగా పొగ కక్కుతూ నిలబడిపోయింది. "నేనే యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కేశాను నాన్నా" అని ఆ పిల్ల వారం రోజులు ముఖం వేలాడేసుకుని తిరిగింది.

తప్పు ఆ పిల్లది కాదు. ఆ హెడ్ బోల్టులు ఒక్కసారి బిగిస్తే సాగిపోయే రకం. విప్పాక పారేసి కొత్తవి వేయాలి. ఆ పోటీకి ముందు ఈయన వాటినే తుడిచి మళ్లీ బిగించాడు, చేతికి గట్టిగానే తగిలాయని. ఆ సంగతి చెబుదామనుకున్న ప్రతిసారీ నీళ్లు నమిలి ఊరుకున్నాడు.

ఈసారి కూతురు బోల్టులే వద్దంది. రెండు చివర్లా మరలుండే స్టడ్లు తెప్పించింది. "బోల్టు తిప్పేకొద్దీ మెలిపడుతుంది నాన్నా. స్టడ్ అయితే అలాగే నిలబడుంటుంది, పైన నట్టు మాత్రమే తిరుగుతుంది. టర్బో ఒత్తిడికి ఇదే ఆగుతుంది" అంది. హెడ్ కింద ఉండే ఇంజన్ బ్లాకులో రంధ్రాలు పొడిగా ఉండాలనీ, స్టడ్లు వేళ్లతోనే దింపాలనీ, జిడ్డు పైన నట్టు దగ్గరే రాయాలనీ మూడుసార్లు చెప్పి, గొట్టాల క్లిప్పులు తేవడానికి బయటికెళ్లింది.

ఆయన విన్నాడు. కానీ చేతులు వినలేదు. చిన్నప్పుడు గురువు నేర్పిన అలవాటు ఒకటుంది: బ్లాకులో దిగే ప్రతి మరనీ ముందు ఆయిల్ డబ్బాలో ముంచి తీయడం. దాన్ని స్నానం అనేవాళ్లు. అడుగున మూసుకుపోయి ఎటూ దారిలేని ఆ పది రంధ్రాల్లోకి పది స్టడ్లనీ స్నానం చేయించి మరీ దింపాడు. ఏడోది కొంచెం ముందే ఆగినట్టనిపించినా, దిగిందిలే అనుకున్నాడు.

ఆమె వచ్చాక ఇద్దరూ కలిసి గాస్కెట్ పరిచి, హెడ్ దించి, బిగింపు మొదలుపెట్టారు. మధ్యలోంచి అంచులకి, మూడు విడతలు. రెంచి కూతురి చేతిలో ఉంది, ఆయన అంకెలు చెబుతున్నాడు. బయట బండితో బావమరిది కాచుక్కూర్చున్నాడు, కారుని పోటీకి లాక్కెళ్లాల్సింది అతనే.

"బావా, నాలుగింటికి అక్కడ కార్ల తనిఖీ మూసేస్తారు. అప్పుడే ఒంటిగంటన్నర. మీ తండ్రీకూతుళ్లు ముహూర్తం చూసుకుని బిగిస్తున్నారా?"

రెండో విడతలో ఏడో నట్టు తిరుగుతుంటే దాంతోపాటు స్టడ్ కూడా తిరిగింది. ఆయన కళ్లారా చూశాడు. దాని తల మిగతా తొమ్మిదింటికంటే ఒక మర ఎత్తున ఉంది. కొలత అందిందని రెంచి టక్కుమంది.

"ఏడు అయింది. తర్వాతది చెప్పు" అంది కూతురు. ఆమె చూపు రెంచి మీదే ఉంది.

ఆయనకి సంగతి అర్థమైంది. స్టడ్ కింద ఆయిల్ చిక్కుకుంది. ఆయిల్ నలిగే వస్తువు కాదు. మూడో విడత బిగింపుకి బ్లాకు చిట్లొచ్చు. చిట్లకపోతే ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఆ మర పైపైనే పట్టుకుని కొండ దాకా వెళ్తుంది. అక్కడ మలుపులో హెడ్ లేచి ఆయిల్ టైర్ల కిందికి చిమ్మితే, లోపల ఉండేది తన పిల్ల. విప్పుదామా అంటే నలిగిన గాస్కెట్ మళ్లీ పనికిరాదు. ఉన్నది ఒక్కటే. ఈ ఏడాదికి ఇదే ఆఖరి పోటీ. ఏమీ కాకపోవచ్చు కదా అని మనసు ఒకపక్క గొణుగుతూనే ఉంది. పోయిన నెల కూడా అది ఇలాగే గొణిగింది.

"నాన్నా, ఎనిమిదేనా?"

"ఆపు తల్లీ. మొత్తం విప్పేద్దాం."

ఆమె తలెత్తింది. "ఎందుకు?"

"స్టడ్లు ఆయిల్లో ముంచి దింపాను. ఏడోది తిరుగుతోంది."

కూతురు వంగి ఏడో స్టడ్ చూసింది. బిగించిన నట్లన్నీ ఒక్కొక్కటే వదులు చేసింది. ఇద్దరూ హెడ్ ఎత్తి పక్కన పెట్టారు. ఏడో స్టడ్ తీసి ఆ రంధ్రంలో తీగ పెడితే, వేలి కణుపంత మేర తడిసి పైకొచ్చింది. బావమరిది గుమ్మం దాకా వచ్చి, ఆ తీగనీ నలిగిన గాస్కెట్‌నీ చూసి, వెనక్కి తిరిగాడు. కాసేపటికి అతని బండి ఖాళీగా వెళ్లిన చప్పుడైంది.

ఇక దాచడానికి ఆయనకి ఓపిక లేకపోయింది. "ఇంకోటి కూడా ఉందమ్మా. పోయిన నెల నువ్వు ఎక్కువ తొక్కలేదు. పాత బోల్టులే మళ్లీ వేశాను నేను."

ఆమె రెంచిని బల్ల మీద పెట్టింది. తిడుతుందనుకున్నాడు, తిడితే బాగుండుననీ అనుకున్నాడు.

"నెల రోజుల నుంచీ రోజూ మనసులోనే ఆ మలుపు తిరుగుతూ, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయడం నేర్చుకుంటున్నాను నాన్నా" అంది మెల్లగా. "నా కాలు మీద నాకే నమ్మకం పోయింది."

ఆయన పదో స్టడ్ దాకా తనే విప్పి, గాలి గొట్టం అందుకుని, రంధ్రాలన్నీ ఊది, గుడ్డతో తుడిచాడు. "అయింది తల్లీ" అన్నాడు.

ఇన్నేళ్లలో ఆయన అయిందంటే అయినట్టే. ఎవరూ వంగి చూసింది లేదు. కూతురు తెల్లగుడ్డ పీలిక ఒకటి చింపి, తీగకి చుట్టి, మొదటి రంధ్రం నుంచీ వరసగా దింపి చూస్తూ వచ్చింది. తొమ్మిదో దాంట్లోంచి పీలిక ఆయిల్ అంటి పసుప్పచ్చగా వచ్చింది. దాన్ని ఆయన ముందు పెట్టింది.

"మళ్లీ తుడు నాన్నా."

ఆయన గుడ్డ తీసుకుని వంగాడు.