రెక్కలకు గుడ్డ దొరికింది

మా కొమరోలు కుర్రాడు జోసెఫ్ ఐటీఐ చదివి, పాత కోళ్ల షెడ్డులో ఒక మనిషి కూర్చుని ఎగిరే యంత్రం కడుతున్నాడు. ఈ రోజు నన్ను వెంటేసుకుని తేలికపాటి ఇంజను కోసం మార్కాపురంలో పాత ఇనుము దుకాణాలన్నీ తిరిగాడు. ఎక్కడా దొరకలేదు. పొలంలో మందు కొట్టే స్ప్రేయర్ ఇంజనైతే సరిపోతుందని చివరి దుకాణంలో మస్తాన్ భాయ్ చెప్పాడు.

అలాంటివి రెండు మా ఊరి నాయకుడి గోడౌన్‌లో తుప్పు పడుతున్నాయి. ఈయన ఏ ఎన్నికలోనూ గెలవలేదు గానీ, ఈయన ఫ్లెక్సీ లేని కూడలి మా మండలంలో లేదు. సాయంత్రం ఆయనింటికి వెళ్లాం. విషయం వినగానే, ఎవరో తనకు కప్పిన శాలువా లోపల్నుంచి తెచ్చి జోసెఫ్‌కు కప్పి, ఫోటో దిగాడు.

"ఆ స్ప్రేయర్ ఇంజను ఒకటి ఇప్పించన్నా" అన్నాడు జోసెఫ్.

"ఇంజనుదేముందిలే నాయనా, నిదానంగా చూద్దాం. ముందు సెంటర్లో పెద్ద ఫ్లెక్సీ ఏయిస్తా. నా బొమ్మ పెద్దది, పక్కన నీది."

జోసెఫ్ రెండు చేతులూ చాచి కొలత చూసుకున్నాడు.

"అట్లనే అన్నా. దించినాక ఆ ఫ్లెక్సీ నాకియ్యి. రెక్కలకు గుడ్డ యాడా దొరకలా."

ఆయన పొంగిపోయి సరేనన్నాడు. ఇన్నాళ్లూ భూమికే భారం, ఇక గాలికి కూడా. ఇంతకీ రెక్కల మీద ఆ ముఖం పైకి ఉండాలా, కిందికా? మీరే చెప్పండి. నన్నడిగితే ఆకాశం వైపే తిప్పమంటాను. కింద ఉన్నవాళ్లం ఇప్పటికే చాలా చూశాం.