కాక చెరిపిన చుక్కలు

పోయిన వారం ఇక్కడ సోలాపూర్‌లో కాలేజీ వాళ్లు నన్ను పిలిచి, శాలువా కప్పి, పిల్లలతో నాలుగు మాటలు మాట్లాడమన్నారు. చద్దర్లు నేసే ఊళ్లో శాలువా కప్పించుకోవడం అంత పెద్ద విశేషం కాదు గాని, నేనేమీ వద్దనలేదు. సభ అయ్యాక ఒక అమ్మాయి లాప్‌టాప్ తెచ్చి, ఏదో ప్రొటీన్ తాలూకు అమైనో ఆమ్లాల వరుస అందులో పెట్టి, నేను చాయ్ ఊదుకునేలోపే ఆ ప్రొటీన్ ఎలా ముడుచుకుంటుందో, అందులో ఏది దేన్ని తాకుతుందో రంగురంగుల పటంగా చూపించింది. చూపించి, మీ కాలంలో ఈ పనికి ఎంతమంది పట్టేవారు సార్ అని అడిగింది. పెద్ద టీమే ఉండేదమ్మా అన్నాను గంభీరంగా. ఆ టీములో ఒకాయన పటం మూలల్లో పువ్వులు కూడా వేశాడని చెప్పడానికి అక్కడ సందర్భం కుదరలేదు. మీరు నా ఈడు వాళ్లు, నా అవస్థ అర్థమవుతుంది కాబట్టి మీతో చెప్పుకుంటున్నాను.

నా పరిశోధన పుణెలో. ప్రొటీన్ అంటే ఒక పూసల దండ అనుకోండి. ఒక్కో పూస ఒక్కో అమైనో ఆమ్లం, వాటికి వరుసగా అంకెలు. ఈ దండ నిటారుగా ఉండదు, డబ్బీలో పడేసిన గొలుసులా ముడుచుకుంటుంది, అలా ముడుచుకున్నప్పుడు దండలో ఎక్కడెక్కడో ఉన్న పూసలు వచ్చి ఒకదాని పక్కన ఒకటి చేరతాయి. ఎవరికి ఎవరు చేతికందే దూరంలో ఉన్నారో తేల్చడం నా పని. ఒక్క మాటలో చెప్పాలంటే సర్కారు స్కాలర్‌షిప్ మీద ఇరుగుపొరుగు ఆరా తీయడం.

కంప్యూటరు గదిలోకి చెప్పులు విడిచి, గుడిలోకన్నా భక్తిగా వెళ్లే రోజులవి. ఆ కంప్యూటరు ఒక్కో జత పూసల మధ్య దూరం లెక్కగట్టి, అంచుల్లో చిల్లులున్న కాగితాల మీద బారల కొద్దీ అంకెలు గుద్ది ఇచ్చేది. అక్కడితో దాని బాధ్యత తీరేది, బొమ్మ మనమే వేసుకోవాలి. గళ్ల కాగితం మీద అడ్డంగా పూసల అంకెలు, నిలువుగా మళ్లీ అవే అంకెలు వేసుకుని, ఎనిమిది ఆంగ్‌స్ట్రాముల లోపు దూరంలో ఉన్న ప్రతి జతకూ ఒక గడి నల్లగా నింపాలి. మూల నుంచి మూలకు ఏటవాలుగా చుక్కలు గుంపులు కడతాయి, ఆ పూసలు దండలో ఎలాగూ పక్కపక్క వాళ్లే, తాకడంలో వింతేమీ లేదు. ఆ గుంపుకు దూరంగా, ఖాళీలో, ఒంటరిగా పడే చుక్కలే ప్రాణం. నా ప్రొటీన్‌లో దండ మొదటి కొసా చివరి కొసా వచ్చి ఒకదాన్నొకటి తాకుతున్నాయన్నది నా వాదన, అంటే కాగితం రెండు ఖాళీ మూలల్లో పడే కొద్దిపాటి చుక్కల మీద నా ఐదేళ్ల చదువు నిలబడి ఉంది. మా గైడు ఆ నెలాఖరుకు రిటైరవుతున్నారు. సోమవారం పటం తెస్తే సంతకం పెడతాననీ, తేకపోతే ఇంకో గైడును వెతుక్కుని మొదటి నుంచి మొదలుపెట్టుకోవచ్చుననీ చాలా మర్యాదగా చెప్పారు.

అప్పటికి స్కాలర్‌షిప్ అయిపోయింది, హాస్టల్ ఖాళీ చేయించారు. ఆ కాగితాల కట్టతో ఇక్కడ దాజీ పేటలో మా ఇంటికి వచ్చి పడ్డాను. కింద నాయన సాంచాలు, అదే, మరమగ్గాలు. అవి నడుస్తుంటే పై గదిలో గ్లాసులో నీళ్లు కూడా వణికేవి. ఒక గడిలో పెట్టబోయిన చుక్క అదిరి పక్క గడిలో పడితే ఏ సంబంధమూ లేని ఇద్దరికి చుట్టరికం కలిసిపోయేది. అందుకని పొద్దున సాంచాలు మొదలయ్యేలోపు, సాయంత్రం అవి ఆగాక, దొంగలా నింపుకునేవాణ్ని.

అంతకన్నా పెద్ద విసుగు ఏమిటంటే, మా పేటలో గళ్ల కాగితం మీద చుక్కలు నింపడం అందరికీ తెలిసిన పని. చద్దరు మీద నెమలి రావాలంటే ముందు కాగితం మీద గడి గడికీ చుక్కలతో నెమలిని దింపి, ఆ చుక్కలను బట్టి మగ్గానికి తగిలించే జకార్డు అట్టలకు చిల్లులు కొడతారు. కాబట్టి నేనేం చేస్తున్నానన్నది ఎవరూ అడగలేదు, అందరూ తెలిసినట్టే ఉన్నారు. వరండాలో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లందరికీ, మావాడు పుణె వెళ్లి డిజైన్ పని నేర్చుకుని వచ్చాడని అమ్మ చెప్పేసింది. ఇది ప్రొటీన్ అని నేనంటే అది ఏ దేశపు పువ్వో అనుకున్నారు. ఒకామె తన కూతురికి హంసల జంట కావాలంది. ఇంకొకామె నా పటాన్ని చాలాసేపు చూసి, ఇన్నేండ్లు చదివినా బొమ్మ పోలిక రాలేదు పాపం అని అమ్మను ఓదార్చి వెళ్లింది.

ఆ పనిలో పేటలో పేరున్నవాడు మా కాక, నాయనకు సొంత తమ్ముడు. కాక చేతి మగ్గం ఉంచాలని, నాయన సాంచాలు పెట్టాలని పట్టుబట్టి, ఇంటి మధ్యలో గోడ కట్టుకుని, నా చిన్నప్పుడే మాటలు మానేశారు. చెప్పవలసింది ఏమన్నా ఉంటే అమ్మతో చెప్పించుకునేవారు, అమ్మ లేకపోతే గోడకు చెప్పుకునేవారు. నాయన నూలు కోసం బజారుకు పోయినప్పుడో, సాంచాల మధ్య మునిగి ఉన్నప్పుడో, కాక వెనక తలుపు నుంచి వచ్చి, అమ్మ ఇచ్చిన చాయ్ తాగి, ముక్కు కారే పిల్లవాణ్ని చూసినట్టు నా పటాన్ని చూసి వెళ్లేవాడు.

ఆదివారం పొద్దుటికి పటం పూర్తయింది. రాత్రి బండికి టికెట్ తీసుకుందామని స్టేషన్‌కు వెళ్లి, వరుసలో నిలబడి, మధ్యాహ్నానికి తిరిగి వచ్చేసరికి కాక పై గదిలో, బ్లేడు చేత్తో పట్టుకుని, శభాష్ అనిపించుకోవడానికి సిద్ధంగా కూర్చుని ఉన్నాడు. ఒంటరి చుక్కలన్నీ బ్లేడుతో గీకేశాడు. ఇటు పక్కవి చెరిపి అటు పక్కవి ఉంచితే అన్యాయమని రెండు పక్కలా చెరిపాడు. నా ప్రొటీన్ మొదటి కొసా చివరి కొసా కలుసుకునే మూలలో నాలుగు రేకుల పువ్వు ఒకటి విచ్చుకుని ఉంది. ఎదురు మూలలో దాని జోడీ.

"ఏంది కాకా ఇది?"

"జర సాఫ్ చేసిన బిడ్డా. అక్కడక్కడ సిరా మరకలు పడ్డయ్. మూలలు ఉత్తగ ఉన్నయని పువ్వులు ఏసిన."

"అవి మరకలు గావు. నా పీహెచ్‌డీ."

కాక నొచ్చుకోలేదు, నాకు పని తెలియదని జాలిపడ్డాడు. ఒంటి చుక్క నేస్తే దారం బట్ట మీద తేలిపోతుందనీ, పిల్లల వేళ్లకు చిక్కుకుని తెగుతుందనీ, అలాంటి చద్దరు గిరాకీ తెల్లారేసరికి వాపసు తెస్తాడనీ ఓపికగా వివరించాడు. ఇది చద్దరు కాదని నేను అంతకన్నా తక్కువ ఓపికతో వివరించాను. పెళ్లిలో భోజనాల బంతి వాకిలి చుట్టూ తిరిగి వస్తే మొదట కూర్చున్నవాడూ చివర కూర్చున్నవాడూ వీపులు ఆనించుకుని కూర్చుంటారు కదా, వడ్డన వరుసలో ఎంత దూరమైనా మనిషికి మనిషి దగ్గరే కదా, నువ్వు చెరిపింది వాళ్లనే అన్నాను.

"వీపులు ఆనంగనే అయిపాయెనా? మీ నాయిన, నేను ఒక్క గోడకు ఆ దిక్కొకలం ఈ దిక్కొకలం పండుకుంటం. మరి మాకు గూడ చుక్క పెడ్తవా?"

"పెడ్త కాకా. మేము దూరమే చూస్తం, మాటలు చూడం."

శాస్త్రం ప్రకారం అది పూర్తిగా సరైన జవాబు. విసుగులో ఇచ్చాను. కాక బ్లేడును కాగితంలో మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సాంచాల చప్పుడును మించిన మా గొంతులు విని అప్పుడే నాయన పైకి వచ్చాడు. మామూలుగా అయితే నాయన అడుగుల చప్పుడుకే కాక వెనక తలుపు దాటేవాడు, ఆ రోజు కదల్లేదు. నాయన పువ్వులు చూశాడు, అవి ఎవరి చేతివో ఆయనకు చెప్పనక్కర్లేదు. రాత్రి బండి వరకు ఇంకోటి అయితదా అని నన్ను మాత్రమే అడిగాడు. బ్లేడు పడిన కాగితం పనికిరాదనీ, మొత్తం కొత్తగా నింపాలనీ, ఒక్కణ్నే అయితే కాదనీ చెప్పాను. నాయన కిందికి వెళ్లాడు. ఒకటొకటిగా సాంచాలు ఆగిపోయాయి. మా ఇంట్లో ఆదివారమైనా సరే సాంచాలు ఆగడమన్నది ఎంత అరుదంటే, ఎవరు పోయారోనని పక్కింటివాళ్లు వచ్చి అమ్మను అడిగి వెళ్లారు.

నాయన అంకెల కాగితాలు అందుకున్నాడు. కాక అడగకుండానే పెన్ను అందుకున్నాడు, పేటలో అంతకన్నా చురుకైన చెయ్యి లేదు. నేను మధ్యలో స్కేలు పట్టుకుని వరుస తప్పకుండా చూసేవాణ్ని. మా ఇళ్లలో తిట్లు తెలుగులో, లెక్కలు మరాఠీలో, కాబట్టి నాయన బారా, సత్తర్ అని మరాఠీలో చదివేవాడు, కాక పన్నెండో వరుసలో డెబ్భయ్యో గడి నింపేవాడు. కాకపోతే నాయన నాకు చదివేవాడు, కాక నన్ను అడిగేవాడు.

"మల్లోసారి చదువుమను."

"చెవులు కడుక్కొమ్మను."

ఇద్దరూ మూరెడు దూరంలో ఉన్నారు. గంటల తరబడి ఆ మాటలు ఇటునుంచి అటు మోయలేక నేను మోయడం మానేశాను, అయినా పని ఆగలేదు. పొద్దు వాలేవేళకు కాక కాగితం మీది నుంచి తల ఎత్తకుండానే, "సాఠ్‌కు ఇంకెవలన్న ఉన్నరా అన్నా?" అన్నాడు.

"లేరు. ఏక్‌సఠ్ కొట్టు," అన్నాడు నాయన.

గుమ్మం దగ్గర బీడీలు చుడుతున్న అమ్మ చేతిలో దారం అలాగే నిలిచిపోయింది. వాళ్లిద్దరూ మాత్రం అరవై ఒకటో వరుసలో ఉన్నారు. నేను స్కేలు కింద పెట్టి చాయ్ తేవడానికని లేచాను, నన్ను ఎవరూ ఆపలేదు. చివరి వరుస దగ్గర ఆ మూల చుక్కలు పెట్టేటప్పుడు కాక ఒక్క క్షణం ఆగి, నా వైపు చూసి, నిండుగా నింపాడు.

సోమవారం గైడు పటాన్ని వెలుతురుకు పట్టి చూసి, చేత్తో నింపినట్టు లేదే అన్నారు. సంతకం పెట్టారు.

ఆ రోజుతో అన్నదమ్ములు కలిసిపోయారని రాస్తే బాగుండేది. కలవలేదు. మర్నాటి నుంచి మళ్లీ అదే గోడ, మళ్లీ అమ్మ చేత కబుర్లు. కాని ఆ తర్వాత నేను పుణె నుంచి వచ్చినప్పుడల్లా కాక చాయ్ వంకతో వచ్చి, నింపేటిది ఏమన్న తెచ్చినవా అని అడిగేవాడు. కాక వెళ్లాక నాయన పైకి వచ్చి, నూలు ధర గురించీ కరెంటు గురించీ నాలుగు మాటలు మాట్లాడి, చదివేటిది ఏమన్న ఉన్నదా అని అడిగేవాడు. ఆసరికి పుణెలో బొమ్మలు గీసే యంత్రం వచ్చేసింది. ఆ శుభవార్త ఇద్దరికీ, విడివిడిగా, గర్వంగా చెప్పాను. ఇద్దరూ మంచిదే అన్నారు.

యంత్రం వస్తే ఎందరి చేతులు ఖాళీ అవుతాయో సోలాపూర్‌లో పుట్టినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మా ఇంట్లో మాత్రం అది ఇద్దరినే ఖాళీ చేసింది. ఇప్పుడు ఎంత పెద్ద ప్రొటీన్‌నైనా ఒక్కరే కూర్చుని చూసుకోవచ్చు, ఒకరు చదవాలి, ఒకరు నింపాలి, ఒకరు వరుస పట్టుకోవాలన్న బాధ లేదు, తప్పులూ లేవు. చాలా సుఖంగా ఉంది. ఇద్దరు మనుషుల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టాలంటే మాత్రం ఇప్పుడు ఇంకేదో సాకు వెతుక్కోవాలి, అది నాకింకా దొరకలేదు.